సముద్రం లోపల కనబడును

బీచి రోడ్డు మీద ఇటాలియన్ రెస్టారెంట్ తెరిచిన నాటి నుంచి సముద్రం దాని కిటికీల్లోంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ కనిపించడం మానేసింది. ఇసుకలో నిలబడి చూస్తే ఎదురుగా సున్నం కొట్టిన గోడలాంటి తెలుపు. అలల చప్పుడు యథాప్రకారం వినిపించేది, కాళ్లు తడిసేవి. మొదటి వారం జనం కాస్త విసుక్కున్నారు. రెండో వారం అధికారులు "సముద్రం లోపల కనబడును" అని బోర్డు పెట్టించారు. దాంతో సందేహం తీరిపోయి అందరూ ఉదయపు నడకలు మళ్లీ మొదలుపెట్టారు.

కొర్లమ్మకి మాత్రం తీరలేదు. ఆవిడ భర్త దానయ్య ఇద్దరు తోటివాళ్లతో మూడు రోజుల కిందట వేటకు వెళ్లాడు. నిన్న సాయంత్రానికి రావాలి, రాలేదు. పడవ జాడ చూద్దామంటే చూడ్డానికి సముద్రం లేదు. ఆ రెస్టారెంటుకి రోజూ చేపలు వేసేది ఆవిడే గానీ, ఆ వ్యవహారమంతా వెనక గుమ్మం దగ్గర. వెనక గుమ్మానికి కిటికీ లేదు. అందుకని ఉతికిన చీర కట్టుకుని మొదటిసారి ముందు గుమ్మం ఎక్కింది.

మేనేజరు ప్రణీత్ మర్యాదస్తుడు. నవ్వుతూ ఫారం ఇచ్చి తనే చదివి వినిపించాడు. సముద్రం చూడవలసిన కారణం అన్నచోట నాలుగు గడులున్నాయి: పుట్టినరోజు, పెళ్లిరోజు, ఆఫీసు విందు, ప్రేమ ప్రకటన.

"మొగుడు అన్న గడి లేదేటి బాబూ?" అంది కొర్లమ్మ.

"లేదండీ. దగ్గర్లో ఉన్నది పెళ్లిరోజు."

అక్కడే టిక్కు పెట్టారు. కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే టేబుల్ చూపించి, గాజు గ్లాసులో గులాబీ పెట్టి, "సార్ ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాడు ప్రణీత్.

"అది సూద్దామనే ఒచ్చినాను."

అక్కడి పద్ధతి ప్రకారం తింటున్నంతసేపే సముద్రం. నోరు ఆడుతున్నంతసేపు కిటికీలో నీళ్లుంటాయి, ఊరుకుంటే అద్దం తెల్లబడుతుంది. చిక్కు ఇక్కడే వచ్చింది. పడవ ఒడ్డు తగిలేదాకా అన్నం ముట్టకూడదని కొర్లమ్మకి అత్తగారు నేర్పింది. ముప్పయ్యేళ్లుగా ఒక్క పూటా తప్పలేదు. ముడితే పడవకి చేటు, ముట్టకపోతే పడవే కనబడదు. ప్లేటు కేసి చాలాసేపు చూసింది.

"ఇది అన్నవేనా బాబూ?"

"కాదండీ, పాస్తా. గోధుమపిండితో చేస్తాం."

"ఒట్టు?"

"ఒట్టండీ."

వల చిక్కు తీసినట్టు ఒక్కో పోగే లాగి, నములుతూ, రెప్ప వెయ్యకుండా చూసింది. నీళ్లు, మళ్లీ నీళ్లు. ప్లేటు అడుగు తేలే వేళకి దూరాన నల్లటి చుక్క కనబడింది. ఆఖరి పోగు గొంతు దిగగానే అద్దం తెల్లబడింది.

పక్క టేబుల్ దగ్గర కొత్త జంట ఒకటి కిటికీకి వీపు పెట్టి ఫోటోలు తీసుకుంటోంది. ప్లేట్లు ముట్టనేలేదు.

"నువ్వు తిననట్టయితే ఇటిచ్చీ తల్లీ. మా ఆయన సగందారిలో ఉన్నాడు" అంది కొర్లమ్మ.

ఆ అమ్మాయి బిత్తరపోయి ఇచ్చేసింది. ప్రణీత్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఒకరి సముద్రం ఇంకొకరు చూడకూడదని ఉంది గానీ, ఒకరి పాస్తా ఇంకొకరు తినకూడదని ఎక్కడా లేదు. పుస్తకం మూసేశాడు.

ఈసారి పోగులు లెక్కపెట్టలేదు, కుక్కుకుంది. పడవ దగ్గరయింది. అందులో తలలు లెక్కపెట్టింది. మూడు. చుక్కాని దగ్గర దానయ్య ఎర్ర తువ్వాలు. కొర్లమ్మకి భోరున ఏడుపొచ్చింది, నోటినిండా పాస్తా ఉండటంతో బయటికి రాలేదు. ముద్ద ఒక బుగ్గకి నెట్టి, కుర్చీ ఎక్కి కొంగు ఊపి, "ఒచ్చీసినాడు!" అని అరిచింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కొత్త జంట కూడా ఆ రోజుకి మొదటిసారి సముద్రం వైపు తిరిగింది.

మరుసటి వారం ఫారంలో ఐదో గడి చేరింది: భర్త రాక. దానికి గిరాకీ బాగా ఉంది. రోజూ సూర్యాస్తమయానికి సరిగ్గా రావాలని, ఎర్ర తువ్వాలు మరవొద్దని రెస్టారెంటు నుంచి దానయ్యకి ఉత్తరం అందింది. మన చేపలు కొనేది వాళ్లే కదా అని దానయ్య ఒప్పుకున్నాడు. కొర్లమ్మ ఆ గడికి దరఖాస్తు పెడితే, నెలాఖరు దాకా టేబుళ్లు నిండిపోయాయని, ఆవిడ పేరు వెయిటింగ్ లిస్టులో పదకొండోదని ప్రణీత్ నిజంగా నొచ్చుకుంటూ చెప్పాడు.

ఇప్పుడు సాయంత్రాలు ఆవిడ బయట బోర్డు దగ్గర నిలబడుతోంది. లోపల చప్పట్లు వినబడితే దానయ్య వచ్చినట్టు. ఇంటికెళ్లి అన్నం వడ్డించుకుంటుంది. ఒక్కోసారి ఎవరో పుట్టినరోజు కేకు కోసినా చప్పట్లే కొడతారు. రెంటికీ తేడా కొంచెం ఉందని, నాలుగు రోజులు పోతే చెవికి అదే అలవాటవుతుందని కొర్లమ్మ అంటోంది.