పార్వతీదేవి ప్రపంచయాత్ర, జోగారావు గారి భోజనం

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు పక్కనున్న శ్రీ వెంకటసాయి ఎన్‌క్లేవ్ సంక్షేమ సంఘం ఆదివారం ఉదయం అత్యవసరంగా సమావేశమైంది. అంతకుముందు ఆ సంఘం అత్యవసరంగా సమావేశమైంది ఒక్కసారే, నీళ్ల ట్యాంకులో కోతి పడ్డప్పుడు. ఈసారి సమస్య అంతకంటే తీవ్రమైనది. చర్చనీయాంశం ఒక్కటే. జోగారావు గారి భోజనం.

ఆ తెల్లవారుజామునే జోగారావు భార్య పార్వతీదేవి బేగంపేటలో విమానమెక్కి ప్రపంచం చుట్టిరావడానికి బయల్దేరింది. ఒంటరిగా. మేడ్చల్ హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉద్యోగకాలమంతా గోడమీది ప్రపంచపటాన్ని బెత్తంతో చూపిస్తూ గడిపిన మనిషి ఆవిడ. రిటైరైన మర్నాడే, బెత్తం పెట్టిన చోట్లు నిజంగా ఉన్నాయో లేదో చూసొస్తానంది. భర్తను రమ్మంది కూడా. విదేశాల్లో ఇడ్లీ దొరకదని విన్న జోగారావు ఇల్లు కనిపెట్టుకుని ఉండే బరువైన బాధ్యతను తన మీద వేసుకున్నాడు. ఇంజనీరింగు చదువుతున్న కూతురు శ్రీలేఖ పరీక్షలున్నాయని ఆగిపోయింది.

"ఒక ఆడకూతురు ఒంటరిగా ప్రపంచం చుట్టడం పట్ల సంఘానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు" అని అధ్యక్షుడు శ్రీనివాసరావు విశాల హృదయంతో ప్రకటించాడు. ఆయన విద్యుత్ శాఖలో పెద్ద పదవి చేసి దిగినవాడు. ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా చీకట్లో కూర్చుంటాడు. "ప్రపంచం సంగతి ప్రపంచం చూసుకుంటుంది. మన బాధ్యత మన కళ్లముందు కూర్చుని ఉంది. జోగారావు గారూ, మీకు స్టౌ వెలిగించడం వచ్చా?"

"శ్రీలేఖ ఉందిగా" అంది అధ్యక్షుడి భార్య ఇందిరమ్మ.

"మా ఇద్దరికీ స్టౌ ఒకే దూరంలో ఉందాంటీ. నన్నే ఎందుకు లేపుతారు?" అంది శ్రీలేఖ, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

ఇక్కడ పాఠకులకు ఒక రహస్యం చెప్పాలి. జోగారావుకు స్టౌ వెలిగించడం వచ్చు. ఆ తర్వాత చేయవలసినవన్నీ కూడా వచ్చు. కాకినాడలో చదువుకునే రోజుల్లో గదిలో నలుగురికీ వంట అతనిదే. ముఖ్యంగా కందబచ్చలి కూర వండి ఆవ పెట్టాడంటే పక్క గదులవాళ్లు విస్తళ్లు తెచ్చుకుని వరసలో నిలబడేవారు. కానీ పెళ్లిచూపుల్లో కాబోయే అత్తగారు "బాబూ, వంటొచ్చా" అని సరదాగా అడిగితే, "టీ పెట్టడం కూడా రాదండీ" అని వినయంగా చెప్పాడు. ఆ ఒక్క మాట ఇన్నేళ్లూ అతనికి పెన్షన్‌లా పనిచేసింది. పార్వతీదేవి జ్వరంతో వణుకుతూ వండింది, పురిటి మంచం దిగి వండింది, పరీక్ష పేపర్ల కట్టలు దిద్దుతూ వండింది. ఇప్పుడు నిజం బయటపడితే ఆవిడ చెవిన పడుతుంది. ఆ తర్వాత బతుకేమవుతుందో ఊహించుకోవడానికి కూడా జోగారావుకు ధైర్యం చాల్లేదు. తల వంచుకుని, "గ్యాసు ఎటు తిప్పాలో తెలీదండీ" అన్నాడు.

ఆడవాళ్లు పమిటచెంగులు కళ్లకద్దుకున్నారు. అక్కడికక్కడే వంతులు వేసుకున్నారు.

మర్నాటి నుంచి క్యారియర్లు మొదలయ్యాయి. పక్కింటి పద్మమ్మ గుత్తివంకాయ పంపితే ఇందిరమ్మ పనసపొట్టు కూర పంపింది. ఒక ఇంటి నుంచి గారెలు వస్తే మరో ఇంటి నుంచి బొబ్బట్లు వచ్చాయి. తమ భర్తలకు పండగకు కూడా చేయని వంటకాలను కాలనీ గృహిణులు పరాయి భర్త ప్రాణం నిలబెట్టడానికి త్యాగబుద్ధితో చేసిపెట్టారు. ఈ అనాదరణకు తట్టుకోలేక జోగారావు పొట్ట ముందుకొచ్చింది, చొక్కా బొత్తాలు ఊడాయి. బెంగతో ఒళ్లు నీరుపట్టిందని సంఘం కార్యవర్గం నిర్ధారించింది.

కీర్తి కొంపల్లి దాకా పాకింది. విల్లాల్లో ఉండే పెద్దమనుషులు కార్లేసుకుని అతన్ని చూడటానికి వచ్చారు. స్థానిక కేబుల్ టీవీవాళ్లు సోఫాలో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశారు. ఒంటరిగా సోఫాలో కూర్చోవడంలో ఉన్న కష్టనష్టాలను, కిటికీ దాకా నడిచి వెనక్కు వచ్చిన అనుభవాలను జోగారావు గద్గద స్వరంతో వివరించాడు. వినాయకుడి గుడి మండపంలో సన్మానించి శాలువా కప్పారు. "భార్య ప్రపంచం చుట్టిరావడంలో గొప్పేముంది? విమానం తీసుకుపోతుంది. ఇంట్లో కదలకుండా ఉండటానికి ఏ వాహనమూ సాయం చేయదు" అని శ్రీనివాసరావు ప్రసంగిస్తే చప్పట్లు మోగిపోయాయి.

జోగారావు ఇంట్లో పనిచేసే బాలనర్సమ్మ చీపురు పక్కన పెట్టి ఆ శాలువాను చేత్తో తడిమి చూసింది. "మస్తు మెత్తగున్నది సారూ. మా ఇంటాయన గండయ్య గూడ పొద్దాక ఇంట్లనే పండుకుంటడు. ఎన్నేండ్ల సంది ఎంత కష్టపడుతుండో. ఆయనకు గూడ ఒకటి గప్పుమనుండ్రి."

పార్వతీదేవి అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. ఫోన్ మోగితే చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లూ జోగారావు హాల్లోకి చేరేవారు. ఆవిడ ఉత్సాహంగా, "నేనిప్పుడు ఎక్కడున్నానో తెలుసా, కిటికీ తీస్తే..." అని మొదలుపెట్టేది.

"కిటికీ సరే వదినగారూ, అన్నయ్యగారు మజ్జిగలో ఉప్పు ముందేసుకుంటారా, కలుపుకున్నాకా?" అని ఇందిరమ్మ అడిగేది. ఆ విషయం తేలేలోగా అటువైపు ఫోన్ కార్డు అయిపోయేది.

ఇలా సాగిపోతే కథే లేదు. కానీ జోగారావు నాలుకకు ఒక కోరిక పుట్టింది. ఎన్ని క్యారియర్లు వచ్చినా ఒక్కదానిలోనూ కందబచ్చలి లేదు. కంద కోస్తే చేతులు దురదపెడతాయని కాలనీలో ఎవరూ దాని జోలికి పోరు. పెరటి గోడ మీద బచ్చలి తీగ లేత ఆకులతో ఊరిస్తోంది. ఒకరోజు అతను మేడ్చల్ మార్కెట్లో కంద కొని, దొంగసొత్తులా స్కూటర్ డిక్కీలో దాచి తెచ్చాడు. ఇంగువ పోపు వాసన వీధంతా కొడుతుంది కదా అని మీరు అనవచ్చు. జోగారావు అంత తెలివితక్కువవాడు కాదు. జవహర్‌నగర్ చెత్తకుప్ప మీదుగా గాలి మళ్లే రోజు కోసం కాచుకున్నాడు. ఆ గాలి వీస్తే కాలనీలో ప్రతి కిటికీ మూసుకుంటుంది, ప్రతి ముక్కూ మూసుకుంటుంది. కుక్కర్ విజిల్ వినపడకుండా టీవీలో సీరియల్ పెట్టి, అత్తాకోడళ్ల ఏడుపు పెద్దది చేశాడు. పని నిర్విఘ్నంగా జరిగిపోయింది.

చిక్కు వంటలో రాలేదు, మర్యాదలో వచ్చింది. పొరుగువాళ్లు కూర పంపిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. జోగారావు ఇన్నాళ్లూ గుప్పెడు పంచదార వేసి ఇచ్చేవాడు. ఆ రోజు పంచదార నిండుకుంది, ఇందిరమ్మ డబ్బా కోసం గేటు దగ్గర నిలబడింది. పైగా ఎంత రహస్యంగా వండినవాడికైనా నలుగురు తిని బాగుందంటే వినాలనే ఉంటుంది. డబ్బాలో నాలుగు గరిటెలు కూర పెట్టి, "పద్మమ్మ గారు పంపారు, నాకు ఎక్కువైంది" అని చేతికిచ్చాడు.

ఇందిరమ్మ ఒక ముద్ద తింది. ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి ఆవిడ పద్మమ్మ గుమ్మంలో ఉంది. పద్మమ్మ తను కంద ముట్టలేదని ప్రమాణం చేసింది. సాయంత్రానికి కాలనీలోని ప్రతి ఇల్లాలూ అదే ప్రమాణం చేసింది. శ్రీలేఖ ఆ రోజంతా పరీక్ష హాల్లో ఉంది. కూర ఉంది, వండినవారు లేరు. అయితే దీనికి కారణం ఒక్కటే ఉండగలదని కాలనీ ఏకగ్రీవంగా తేల్చింది. జోగారావు ఇంటికి ఎవరో ఆడమనిషి వచ్చి వండిపెడుతోంది.

వెంటనే నిఘా కమిటీ ఏర్పడింది. చెరువు కట్ట మీద వాకింగు చేసే పెద్దమనుషులంతా జోగారావు ఇంటి ముందే వాకింగు మొదలుపెట్టారు. ఎవరూ కనిపించలేదు. దాంతో ఆవిడ మహా గడుసుదని రుజువైంది. చివరికి బాలనర్సమ్మను పిలిచి నిలదీశారు.

"ఏ ఆడామె అమ్మా? నేను దప్ప గా ఇంట్లకు ఈగ గూడ వోదు. కంద చెక్కు నేనే ఊడ్చిన. సారే వండుకుండు."

"ఇలా చెప్పమని నీకేం ముట్టజెప్పాడు?" అంది ఇందిరమ్మ.

బాలనర్సమ్మ ఆవిణ్ని జాలిగా చూసింది. "మొగోడు ఇంకో ఆమెను దెచ్చిండంటే నమ్ముతరు, గరిట వట్టిండంటే నమ్మరా? మంచి మొగోళ్లే దొరికిండ్రమ్మా మీకు."

తర్వాత ఫోన్ మోగినప్పుడు ఇందిరమ్మ కేవలం కర్తవ్యదృష్టితో విషయమంతా పార్వతీదేవికి చెప్పేసింది. అటువైపు కాసేపు సముద్రం హోరులాంటిది వినిపించింది. తర్వాత ఒక్కటే మాట. "వస్తున్నా."

జోగారావు సోఫాలో కూలబడ్డాడు. ఇంకో ఆడమనిషి ఉందని ఒప్పుకుంటే పెళ్లాం చంపుతుంది. వంటొచ్చని ఒప్పుకుంటే పెళ్లాం, చచ్చిపోయిన అత్తగారు కలిసి చంపుతారు. రెండిట్లో ఏది తక్కువ నేరమో ఎంతసేపు ఆలోచించినా తేలలేదు. చివరికి ఇన్నేళ్లు దాచిన సంగతి వదిలేసి, ఈ మధ్యనే నేర్చుకున్నానంటే సరిపోతుందనుకుని, అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి "కూర నేనే వండానండీ" అన్నాడు.

శ్రీనివాసరావు అతని భుజం తట్టాడు. "మీ సంస్కారం నాకు తెలుసు. ఆవిడ పేరు బయటికి రాకూడదని ఇంత నీచమైన నింద మీ మీద వేసుకుంటున్నారు."

ఇక మిగిలింది అగ్నిపరీక్ష. కమ్యూనిటీ హాల్లో వేదిక మీద గ్యాస్ స్టౌ పెట్టారు. జోగారావు పంచె బిగించాడు. కత్తిపీట ముందు కూర్చుని కంద చెక్కు తీశాడు. చింతపులుసు పోసి ఉడికించాడు. ఉప్పు కొలవకుండా, అటు చూడకుండా, రెండు వేళ్లతో విసిరాడు. సభలో గుసగుసలు ఆగిపోయాయి. సరిగ్గా పోపు చిటపటలాడుతుండగా హాలు ముందు టాక్సీ ఆగింది.

పార్వతీదేవి ఎండకు నల్లబడింది, సన్నబడింది, కళ్లు మెరుస్తున్నాయి. నేరుగా వేదికెక్కి భర్త ఎదురుగా నిలబడింది. ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలింది.

"ఈ మధ్యనే... అనుకోకుండా వచ్చింది" అన్నాడు జోగారావు.

"నేను పిల్లల చేతిరాతలు లెక్కలేనన్ని దిద్దాను" అంది ఆవిడ. "ఇది ఈ మధ్య వచ్చిన చెయ్యి కాదు."

జోగారావు అరచేతులు గోక్కున్నాడు.

"ఇంకో ఆవిడ ఉన్నా బావుండేదండీ" అంది పార్వతీదేవి.

తర్వాత ప్లేటు తెప్పించుకుని, అన్నంతో కూరంతా తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుంది. "సగం ప్రపంచం మిగిలిపోయింది. చూసొస్తాను. అమ్మడూ, మీ నాన్నకు ఆకలైతే వంటగది చూపించు" అని కూతురికి చెప్పి, అదే టాక్సీలో వెళ్లిపోయింది.

హాల్లో మొదట ఇందిరమ్మ తల మెల్లగా భర్త వైపు తిరిగింది. "ఏమండీ, ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు మీరు గదిలో ఒక్కరే ఉండేవారు కదూ. వంటెవరు చేసేవారు?" శ్రీనివాసరావు మైకు జారవిడిచాడు. పద్మమ్మ తల తిరిగింది. వరసలు వరసలుగా ఆడవాళ్ల తలలు తిరిగాయి.

మర్నాడు కార్యవర్గం, మగవారు మాత్రమే, శామీర్‌పేట చెరువు కట్ట మీద అత్యవసరంగా సమావేశమైంది. "జోగారావు గారూ, మీ ఒక్కరి పరువు కంటే కాలనీ సంసారాలు ముఖ్యం" అని అధ్యక్షుడు కన్నీళ్లతో వేడుకున్నాడు. సదరు కూరను గుర్తు తెలియని స్త్రీ వండిందనీ, వేదిక మీద కనిపించినది కేవలం యాదృచ్ఛికమనీ తీర్మానం ఆమోదించారు. శీలాన్ని త్యాగం చేసినందుకు జోగారావుకు మరో శాలువా కప్పారు. అతను కాదనలేదు. ఇంటికి వెళ్లి, కిటికీలన్నీ తెరిచి, కూతురికీ తనకూ అన్నం వండాడు.

పార్వతీదేవి ఇప్పుడు ఏ దేశంలో ఉందో, మొదటి విడతలో ఏమేం చూసిందో కాలనీలో ఎవరూ అడగలేదు. ఇంతదూరం చదివిన మీరూ అడగలేదు. మీరు అడగబోయేది ఏమిటో మాకు తెలుసు కాబట్టి చెప్పేస్తున్నాం. కూర పొయ్యి మీద ఉండగా ఆవ వేయకూడదు, దించి కాస్త చల్లారాక కలపాలి.