బ్రిగేడియర్ రంగనాథం వీధి

చెన్నైలో చింతాద్రిపేట మూడో సందుకి ఒక యుద్ధవీరుడి పేరు పెట్టబోతున్నామని కౌన్సిలర్ కనకవల్లిగారి భర్త శంకర్ మైకులో ప్రకటించే సమయానికి, ఆ వీరుడు రేషన్ షాపు క్యూలో పామాయిల్ కోసం నిలబడి ఉన్నాడు.

ఎన్నికల్లో గెలిచింది కనకవల్లి. ఆమె సంతకాలు పెడుతుంది. మిగతా ప్రజాసేవ భారమంతా పాపం శంకరే మోస్తాడు. మళ్లీ ఎన్నికలకి ఏడాదే ఉంది. వార్డులో చూపించుకోడానికి ఒక్క కాలువా పూర్తికాలేదు. ఉన్న సందుకే కొత్త పేరు పెట్టాలన్న ఆలోచన ఆయనకి స్నానం చేస్తుండగా వచ్చిందట.

ఆ సాయంత్రమే శాలువా పట్టుకుని రంగనాథం ఇంటికి వెళ్లాడు. పెద్దాయనకి డెబ్భై ఏడేళ్లు. పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి యుద్ధంలో మోకాట్లో తూటా దిగి, కుంటుతూ తిరిగొచ్చి, ముప్పై ఏళ్లు ఒక బ్యాంకు గుమ్మం దగ్గర వాచ్‌మన్‌గా నిలబడ్డాడు. ఇప్పుడు కూతురు వైదేహి దగ్గర ఉంటున్నాడు.

"నా పేరెందుకబ్బా? నేను ఆడ లారీ తోలినాను, అంతే" అన్నాడు రంగనాథం. "పెట్టాలంటే అంతోణి పేరు పెట్టండి. తూటా తగిలి పడిపోతే నన్ను భుజాన వేసుకుని ఏరు దాటించినాడు. ఇంకొకర్ని తెస్తానని మళ్లా దిగినాడు. రాలేదు."

శంకర్ కళ్లు చెమర్చాయి. "ఎంత త్యాగం తాతా! ఆయనది ఏ వీధి?"

"తొండియార్‌పేట."

చెమ్మ ఆరిపోయింది. "అది మన వార్డు కాదే తాతా."

"చచ్చేటప్పుడు వాడు వార్డు చూసుకోలేదప్పా."

శంకర్ ఆ మాటని గౌరవంగా విని, శాలువా కప్పి, ఫోటో తీయించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు జోనల్ ఆఫీసులో చిన్న చిక్కు బయటపడింది.

"బతికున్నవాళ్ల పేరు వీధులకి పెట్టకూడదు సార్, రూలు" అన్నాడు గుమాస్తా.

"బోర్డు కూడా రాయించేశానే! ఇప్పుడేం చెయ్యాల?"

"మనం చేసేదేముంది సార్. ఓపిక పట్టాల."

శంకర్ ఓపిక పట్టాడు. ప్రతి సోమవారం ఆపిల్ పళ్లతో వచ్చి పెద్దాయన ఆరోగ్యం విచారించేవాడు. సొంత కొడుకులు కూడా అంత శ్రద్ధగా అడగరు.

"షుగరెంత తాతా?"

"నూట పది."

"బీపీ?"

"నార్మలే నాయనా."

"అట్లనా..." అని శంకర్ కుర్చీలో జారగిలబడేవాడు. వైదేహి ఇచ్చిన కాఫీ సగంలోనే వదిలేసి లేచిపోయేవాడు.

ఈలోగా కరపత్రాలు మాత్రం ఆగలేదు. జనవరిలో రంగనాథం హవల్దారు. ఏప్రిల్‌కల్లా మేజరయ్యాడు. ఆగస్టు పదిహేనుకి కర్నల్‌గా స్టేజీ ఎక్కించి, ఈయన ట్యాంకుతో శత్రువుల ట్యాంకులు పద్నాలుగు పేల్చాడని శంకర్ వివరించాడు. రంగనాథం మైకు అందుకుని, "అది లారీ. అందులో ఉల్లిగడ్డలు ఉన్నాయి. అసలు మీరు తెలుసుకోవాల్సింది అంతోణి అని ఒకడి గురించి..." అనేసరికి దేశభక్తి ఉప్పొంగి బ్యాండువాళ్లు వాయించేశారు. ఆయన పెదవులు ఇంకాసేపు కదిలాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక వైదేహి అడిగింది. "పోనీలే నైనా. ఇంకెంతమందికని చెప్తావు?"

"ఒక్కరు విన్నా చాలు కదమ్మా" అని, ఆ రాత్రి అన్నం కూడా తినకుండా పడుకున్నాడు.

నవంబరులో ఒక మంగళవారం పొద్దున, పేపరు చదువుతూ కుర్చీలోనే పోయాడు రంగనాథం. సోమవారం బీపీ నార్మలే.

బంధువులకంటే ముందు శంకర్ చేరుకున్నాడు. వైదేహి చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో కల్తీ లేదు. పదకొండు నెలలు ఎదురుచూసిన మనిషి.

"మంత్రిగారు వస్తా ఉండారు చెల్లెమ్మా. ఫ్లెక్సులకి ఫోటో కావాల. యూనిఫాంలో ఉన్నది, వయసులో ఉన్నది."

వైదేహి కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి, ట్రంకుపెట్టె తెరిచి ఒక పాత ఫోటో తెచ్చిచ్చింది. టోపీ కాస్త వంకరగా పెట్టుకుని, నవ్వు ఆపుకుంటున్న కుర్రాడు.

"ఆహా, ఏం తేజస్సు!" అన్నాడు శంకర్.

మధ్యాహ్నానికి వీధి వీధికీ 'బ్రిగేడియర్ రంగనాథంకి కన్నీటి అంజలి' అని ఫ్లెక్సులు లేచాయి. పోయాక ఇంకో మెట్టు ఎక్కించడం మర్యాద. ప్రతి ఫ్లెక్సులో కుర్రాడు నవ్వుతున్నాడు. పక్కనే అంతకు రెండింతల సైజులో శంకర్ దుఃఖిస్తున్నాడు.

మూడు గంటలకి తెల్లచీర కట్టుకున్న ఒక ముసలావిడ బస్సు దిగి వచ్చింది. సందు మొదట్లో ఫ్లెక్సు ముందు ఆగిపోయింది. శిలువ గుర్తు వేసుకుని, చెయ్యెత్తి ఫోటోలో టోపీ ఉన్నచోట తాకింది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు శంకర్.

"ఆరోగ్యమేరి. తొండియార్‌పేట. వైదేహి ఫోన్ చేస్తే, రంగనాథం అన్నని కడసారి చూసిపోదామని వచ్చినా. ఇది మా అంతోణి అన్న కదయ్యా. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో వరదలో పోయింది. ఇన్నేళ్లకి మొహం చూస్తా ఉండా."

శంకర్ ఇంట్లోకి పరుగెత్తాడు. "ఏంది చెల్లెమ్మా ఇది?"

"నైనా చెప్పిపెట్టినాడు" అంది వైదేహి. "నేను పోతే ఫోటో అడుగుతారు, ఇది ఇయ్యి అని. ఎవరి ఫోటో అని మీరు అడగలేదు కదన్నా."

"నూట ఇరవై ఫ్లెక్సులు కట్టించినా!"

"చూసినాను. బాగుండాయి."

బయట సైరన్ మోగింది. సామాన్యుడైతే అక్కడే కూలబడేవాడు. శంకర్ నాయకుడు. ఆరోగ్యమేరి చెయ్యి పట్టుకుని మంత్రిగారి ముందుకి నడిపించాడు.

"సార్, బ్రిగేడియర్‌గారి సొంత చెల్లెలు."

మంత్రిగారు చేతులు జోడించారు. కెమెరాలు మెరిశాయి. "మీ అన్నయ్య చాలా ధైర్యవంతుడమ్మా."

"లేదయ్యా" అంది ఆమె. "నీళ్లంటే వణికేవాడు. హార్బర్ దగ్గర పుట్టి కూడా ఈత రాదు. ఆ ఏట్లోకి రెండోసారి ఎట్లా దిగినాడో ఏమో."

మంత్రిగారు విచారంగా తలూపి, గాజుపెట్టె దగ్గరికి వెళ్లారు. దండ వేశారు. లోపలున్న రంగనాథం మొహం చూశారు. గోడమీది ఫ్లెక్సు చూశారు. మళ్లీ పెట్టెలోకి చూశారు. శంకర్ జేబురుమాలు తీశాడు.

"వయసు మనిషిని ఎంత మార్చేస్తుందయ్యా!" అన్నారు మంత్రిగారు.

"అంతా యుద్ధం వల్లే సార్" అన్నాడు శంకర్, కళ్లు తుడుచుకుంటూ.