గుండ్లకొత్తపల్లి గుంతల పందెం

బాగేపల్లి తాలూకా గుండ్లకొత్తపల్లికి పోయే ఐదు కిలోమీటర్ల దారి, పరిశీలనకు వచ్చిన నూటపన్నెండు దారుల్లోకెల్లా అధ్వానమైనదిగా ఎంపికైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బెంగళూరు కొండ సైకిళ్ళ సంఘంవారు మూడు రోజులు తిరిగి, టేపుతో కొలిచి, ఫొటోలు తీసుకుని ఏకగ్రీవంగా ఈ నిర్ణయానికి వచ్చారు. చింతామణి వైపు నుంచి రెండు దారులు గట్టి పోటీ ఇచ్చాయి. కానీ ఒకదాని మీద అక్కడక్కడా తారు ఆనవాళ్ళు కనబడటంతో దాన్ని తీసేశారు. రెండోదాని మీద కిందటేడు ఒక ఆటో పల్టీ కొట్టకుండా పోయిందని ఎవరో సాక్ష్యం చెప్పారు.

ఈ వార్త తెలిసేటప్పటికి పంచాయితీ సభ్యురాలు మునిలక్ష్మమ్మ తన టమోటా తోటలో కట్టెలు నాటించి తాడు కట్టిస్తోంది. తాడు చేతిలోనే ఉండిపోయింది. ఆ దారిని బాగుచేయించమని పందొమ్మిదేళ్ళుగా, ఏడాదికొకటి చొప్పున అర్జీలు పెడుతున్న మనిషి ఆమే. మార్గ సౌకర్య ఇలాఖవారు, అంటే రోడ్ల శాఖవారు, కూడా ప్రతి అర్జీకీ మర్యాదగా జవాబు ఇస్తూ వచ్చారు. మొదట్లో ఆ దారి నక్షలో లేదన్నారు. తర్వాత నక్షలో ఉంది గానీ నేల మీద లేదన్నారు. కిందటేడు మాత్రం, "అర్జీలోని వర్ణనలు అతిశయోక్తులు. మోకాలి లోతు గుంతలు ఈ తాలూకాలో ఎక్కడా లేవు" అని రాసి, సీలు వేసి పంపారు.

సంఘం పెద్ద సంకేత్ అనే కంప్యూటర్ ఇంజనీరు. తాతగారిది చింతామణి కాబట్టి తెలుగు బాగానే వస్తుంది. అతను వెతుక్కుంటూ తోటలోకే వచ్చి ఆమెకు రెండు చేతులూ జోడించాడు. చేతిలో ఆమె అర్జీ ప్రతి ఉంది.

"అమ్మా, మీరు రాసిన దాంట్లో ఒక్క మాట అబద్ధం లేదమ్మా! ప్రతి గుంతా మేమే కొలిచినాము."

పందొమ్మిదేళ్ళలో ఈ మాట అన్న మొదటి మనిషి ఇతనే. మునిలక్ష్మమ్మకు కళ్ళు చెమర్చాయి. "అయితే రోడ్డు వేస్తారా అప్పా?"

సంకేత్ బిత్తరపోయాడు. "వేసేదేందమ్మా? రాయి కూడా కదపకూడదు! ఈడ సైకిళ్ళ పందెం పెడతాండాము. ఇట్లాంటి కష్టం కోసం మావాళ్ళు యాడయాడి దేశాలకో పోతాండారు."

వారం తిరక్కుండా ఆమె అర్జీ పెద్ద అచ్చుకాగితమై బెంగళూరు గోడలకెక్కింది. "మోకాలి లోతు గుంతలు. ఎనుములంత గుండ్లు. వానొస్తే వాగు, రాకపోతే దుమ్ము. ఈ దారిన పోతే మనిషికి నడుమూ బండికి ఇరుసూ దక్కవు." ఇదంతా ఆమె రాసిందే. కింద "దమ్ముందా?" అన్న ఒక్క ముక్క మాత్రం సంఘంవారు చేర్చారు. నలభై ఎనిమిది మంది దమ్మున్నవాళ్ళు పేర్లు ఇచ్చేశారు.

అంతలో ఒక ఉపద్రవం బయటపడింది. పాత అర్జీల లెక్కకు దారిలో మూడు గుంతలు తక్కువయ్యాయి. పాలబండి వస్తుందన్న ఆశతో కిందటేడు ఊరివాళ్ళే మట్టి తెచ్చి పూడ్చేశారు. ఈ సంగతి విని సంకేత్ దగ్గరివాళ్ళు పోయినంతగా దిగులుపడ్డాడు. మార్గ సౌకర్య ఇలాఖకు ఫోను చేశాడు. పందొమ్మిదేళ్ళుగా తీరిక దొరకని ఇలాఖ ఇంజనీర్లు మర్నాడు పొద్దున ఎనిమిదింటికే దిగారు. ఒక్కో గుంత కనీసం పద్దెనిమిది అంగుళాల లోతు ఉండాలనీ, అంచులు నున్నగా ఉండకూడదనీ కొలతలు ఇచ్చి, కూలీల చేత తవ్వించారు. మూడో గుంత పదహారు అంగుళాలే తేలింది. ఇది నాసిరకం పని అని మండిపడి మళ్ళీ తవ్వించారు. తమ ఊరి దారి మీద నాణ్యత తనిఖీ చేయడం చూసే భాగ్యం కలిగిందని గుండ్లకొత్తపల్లివారు ఒకరికొకరు చెప్పుకున్నారు.

పందెం రోజు పొద్దున ఊళ్ళోకి అంబులెన్సు వచ్చింది. వచ్చింది అనడం కంటే తెచ్చారు అనడం న్యాయం. ముందు ట్రాక్టరు లాగింది, వెనక పదిమంది తోశారు. అంతవరకు ఆ ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోసుకుని మెయిన్ రోడ్డుకు చేర్చడమే ఆనవాయితీ. అందుకని ముసలివాళ్ళు బండి చుట్టూ తిరిగి తిరిగి చూశారు. ఒకావిడ హారతి కూడా ఇచ్చింది. లోపల డాక్టర్ గార్గి, ఒక నర్సు, నాలుగు పెట్టెల మందులు ఉన్నాయి. బండి బడి మైదానం దాటి ఒక్క అడుగు ముందుకు కదలలేదు కాబట్టి, పందెంలో ఎవరు ఎక్కడ పడినా లేచి బండి దగ్గరికే రావాలని నిబంధన పెట్టారు.

మునిలక్ష్మమ్మ బండిని చూసింది. తర్వాత అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న అన్న రామచంద్రప్పను చూసింది. ఆయనకు డెబ్బై నిండాయి. ఎనిమిది నెలలుగా కుడి మోకాలు కట్టెలాగా బిగుసుకుపోయింది. ఆసుపత్రికి మోసుకుపోతామంటే ఒప్పుకోడు. "మంచం మీద ఒకే తూరి పోతాను, అప్పుడు నన్ను అడగొద్దండి" అని తేల్చిపారేశాడు. అన్న బాధ చూసి ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఆ ఇంటివాళ్ళకే తెలుసు. చెయ్యి పట్టుకుని ఆయన్ని మెల్లగా అంబులెన్సు దాకా నడిపించింది. బండి ముందు నిలబడ్డ కార్యకర్త చెయ్యి అడ్డం పెట్టాడు.

"నంబరు ఉండాదా అమ్మా? పందెంలో ఉండేవాళ్ళకే వైద్యం."

మునిలక్ష్మమ్మ పోట్లాడలేదు. పందొమ్మిదేళ్ళు కచేరీల చుట్టూ తిరిగిన మనిషికి ఎక్కడ పోట్లాడాలో, ఎక్కడ కాగితం నింపాలో తెలుసు. పక్కనే మేజా వేసుకుని శ్రీరంజని అనే అమ్మాయి పేర్లు రాసుకుంటోంది. స్థానికులకు ప్రవేశం ఉచితమనీ, వయసు పట్టింపు లేదనీ బోర్డు ఉంది.

"మా అన్న పందెంలోకి దిగుతాడు, రాసుకోమ్మా."

శ్రీరంజని రామచంద్రప్ప కాలి వైపు చూసింది. "తాతగారికి నడవడమే కష్టంగా ఉన్నట్టుందే?"

"నడిచేదానికే కష్టం. సైకిలుకు నడకతో ఏం పనమ్మా?"

నిబంధనల్లో దీనికి అభ్యంతరం కనబడలేదు. రామచంద్రప్పకు నలభై తొమ్మిదో నంబరు వచ్చింది. తలపాగా మీద హెల్మెట్ పెట్టారు. అది తలకు ఒక జానెడు పైన నిలబడింది.

"అన్నా, ఈల వేసినాంక రెండు తొక్కులు తొక్కు. బండి కాడికి రాంగానే పడిపో. అంతే నీ పని."

"యా పక్కకు పడాల?"

"డాక్టరమ్మ ఉండే పక్కకు."

ఇట్లాంటి సంగతులు ఊళ్ళో దాగవు. అరగంటలో మరో ముప్పై మంది వరసలో నిలబడ్డారు. బడిలో వంట చేసే అంబికకు నడుము నొప్పి. గొర్రెలు కాచే వెంకటేశప్పకు ఆరు నెలల దగ్గు. ఒకావిడకు కళ్ళు మసక, సైకిలు ఎక్కడుందో కూడా కనబడలేదు. ఊరంతటికీ ఉన్నవి నాలుగే సైకిళ్ళు. ఒకరు పడగానే ఇంకొకరు ఎత్తుకుని ఎక్కేటట్టు మాట్లాడుకున్నారు. గ్రామీణ ప్రజల్లో సాహస క్రీడల పట్ల పెల్లుబికిన ఈ ఉత్సాహాన్ని చూసి సంకేత్ వీడియో తీసుకున్నాడు.

మార్గ సౌకర్య ఇలాఖ అధికారి మోహన్‌కుమార్ అధ్యక్షోపన్యాసం చేశారు. "మహాజనులారా! రోడ్డు వేయడం ఎవరికైనా చేతనవుతుంది. వేయకుండా ఉండటానికి దీక్ష కావాలి. ఎన్ని ఒత్తిళ్ళు వచ్చినా, ఎన్ని అర్జీలు వచ్చినా చలించకుండా, ఈ సహజ సంపదను మా ఇలాఖ కంటికి రెప్పలాగా కాపాడింది. ఈ గుంతలు మావి కావు, మీవి. మీ పిల్లలవి. వాళ్ళ పిల్లలకు కూడా ఇవి అందుతాయని ఈ వేదిక మీద హామీ ఇస్తున్నాను!" అందరూ చప్పట్లు కొట్టారు. మునిలక్ష్మమ్మ కూడా కొట్టింది. సభల్లో కొట్టడం అలవాటు.

ఈల మోగింది. నలభై ఎనిమిది నగరపు సైకిళ్ళు దుమ్ము లేపుకుంటూ పోయాయి. వెనక ఊరివాళ్ళు వరసగా బయలుదేరి, వరసగా అంబులెన్సు ముందు పడ్డారు. అంత క్రమశిక్షణతో పడటం ఏ పందెంలోనూ చూడలేదని సంకేత్ తర్వాత రాశాడు. అంబిక చీరకుచ్చిళ్ళు సర్దుకుని మరీ పడింది. ఇద్దరిని చూడగానే డాక్టర్ గార్గికి సంగతి అర్థమైపోయింది. ఏమీ ఎరగనట్టే కాగితం తీసుకుని అంబికను అడిగింది.

"ఎక్కడ పడ్డావమ్మా?"

"ఈడనే అమ్మా, ఇప్పుడే."

"నొప్పి ఎప్పటి నుంచి?"

"నాలుగేండ్ల నుంచి."

"పందెంలో తగిలిన దెబ్బ, నాలుగేళ్ళ పాతది" అని గార్గి శ్రద్ధగా రాసుకుంది.

అందరికంటే ముందు పడవలసిన రామచంద్రప్ప మాత్రం పడలేదు. మైదానం దాటగానే ఏటవాలు. ఆయన సైకిలుకు బ్రేకులు లేవు. పడదామంటే కట్టెగా బిగిసిన కాలు అవతలికి రాలేదు. అంబులెన్సు వచ్చింది, పోయింది.

"పడిపో అన్నా! పడిపో!" అని మునిలక్ష్మమ్మ గొంతు చించుకుంది. ఒక చెల్లెలు అన్నను ఈ విధంగా ఉత్సాహపరచడం వేదిక మీది పెద్దలకు కొత్తగా తోచింది.

"పడేది ఎట్ల లక్షుమమ్మా? కాలు రాలేదే!" అన్న కేక దిగువ నుంచి వినబడింది.

మునిలక్ష్మమ్మ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. దుమ్ములో హెల్మెట్ ఒక్కటే ఎగిరెగిరి కనబడుతోంది. ముందర మూడేళ్ళుగా ఓటమి ఎరగని వసిష్ఠ అనే వీరుడు, స్ప్రింగుల సైకిలు మీద ఒక్కో గుండునూ అంచనా వేసుకుంటూ పోతున్నాడు. వెనక నుంచి "పక్కకు పోండప్పా! బ్రేకు లేదు!" అని వినబడింది. వెనక్కి తిరిగి చూస్తే తలపాగా మీద హెల్మెట్, ఒక చాపిన కాలు. వసిష్ఠ భయపడి పక్కకు తప్పుకుని ఇంజనీర్లు ధ్రువీకరించిన పద్దెనిమిది అంగుళాల గుంతలో దిగాడు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. రామచంద్రప్పకు డెబ్బై ఏళ్ళ పరిచయం వల్ల ప్రతి గుండూ తెలుసు, ఒళ్ళు దానంతటదే పక్కకు ఒరిగేది. ఎనిమిది నెలలుగా అరుగు దిగని మనిషికి తెలియనిది మళ్ళీ తవ్విన మూడో గుంత ఒక్కటే. ఊరివాళ్ళతో కలిసి దాన్ని పూడ్చింది తానే కాబట్టి, అక్కడ గుంత లేదన్న ధైర్యంతో నేరుగా పోయాడు. సైకిలు గుంతలో నిలిచిపోయింది. రామచంద్రప్ప ముందుకు సాగిపోయాడు.

రెండు కిలోమీటర్లు పరిగెత్తిన మునిలక్ష్మమ్మకు సైకిలు కనబడింది, మనిషి కనబడలేదు. ఒక్క నంబరు కోసం తోడబుట్టినవాణ్ణి చేతులారా చంపుకున్నానే అని నెత్తి కొట్టుకోబోతుండగా, పక్క చేలో రాగిగడ్డి వామిలోంచి రెండు కాళ్ళు కదిలాయి. రెండూ మోకాళ్ళ దగ్గర వంగి ఉన్నాయి.

"అన్నా!"

గడ్డిలోంచి తల బయటికి వచ్చింది. "లక్షుమమ్మా, నంబరు యాడనో పడిపోయ. ఇప్పుడు డాక్టరమ్మ చూస్తుందంటావా?"

ఆమె నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. వెనకనే డాక్టర్ గార్గి సంచి భుజాన వేసుకుని, రొప్పుతూ కాలినడకన దిగివచ్చింది. నంబరు అడగలేదు. మోకాలు నొక్కి, వంచి, చాపి చూసింది. బిగిసిన కీలు అదురుకు విడిపోయిందనీ, ఇట్లాంటి వైద్యం ఎవరికీ సలహా ఇవ్వలేననీ చెప్పి కట్టు కట్టింది. ఊరివాళ్ళు మంచం మోసుకొచ్చారు. రామచంద్రప్ప దాని వైపు చూడను కూడా చూడకుండా, చెల్లెలి భుజం పట్టుకుని ఊళ్ళోకి నడిచి వచ్చాడు.

గుడిబండె కొండ కింద గమ్యాన్ని ప్రమోద అనే అమ్మాయి మొదటగా చేరింది. ఆమె పేరు ఎవరికీ గుర్తులేదు. దేశమంతా చెప్పుకున్నది వేరే సంగతి. పోటీదారులు డెబ్బై తొమ్మిది మంది, అందులో ముప్పై మంది మొదటి ఇరవై అడుగుల్లోనే పడిపోయారు. ఇంత ప్రమాదకరమైన ఇరవై అడుగులు భూమి మీద ఇంకెక్కడా లేవని నిపుణులు తేల్చారు. ఇలాఖవారు ఆలస్యం చేయలేదు. ఆ దారిని రక్షిత దుర్గమ మార్గంగా ప్రకటించి, దాన్ని బాగుచేసినవారు శిక్షార్హులని ఊరి మొదట బోర్డు పాతారు. బోర్డు పాతడానికి తవ్విన గుంతను కూడా లెక్కలో చేర్చారు.

మునిలక్ష్మమ్మ బోర్డు మొదటి నుంచి చివరిదాకా చదివింది. తర్వాత ఇంటికి వెళ్ళి ఇరవయ్యో అర్జీ రాసింది. రోడ్డు సంగతి ఎత్తలేదు. నెలకొకసారి పందెం పెట్టించండి, అంబులెన్సును మరవద్దండి అని మాత్రం రాసింది. అదే రోజు సాయంత్రానికి అనుమతి వచ్చింది. ఇప్పుడు ప్రతి నెలా రెండో ఆదివారం గుండ్లకొత్తపల్లివారు క్రమం తప్పకుండా పడుతున్నారు. డాక్టర్ గార్గి పోయిన నెల కళ్ళ డాక్టరును కూడా వెంటబెట్టుకొచ్చింది.

ఈ ఖ్యాతి విని పక్కూరి పెద్దలు అమరనాథ్ అనే పంచాయితీ మాజీ అధ్యక్షుణ్ణి ముందు పెట్టుకుని మునిలక్ష్మమ్మ ఇంటికి వచ్చారు.

"మా ఊరికి కిందటి నెలనే తారురోడ్డు వేసినారమ్మా. అద్దం మాదిరి ఉండాది. ఇంక మాకు పందెమూ రాదు, డాక్టరూ రాదు. గడ్డపారలు తెచ్చినాము. యాడ నుంచి తవ్వాలో నువ్వే చెప్పల్ల."

మునిలక్ష్మమ్మ వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, నెమ్మదిగా అడిగింది. "రోడ్డు మీరు వేసుకున్నారా, కాంట్రాక్టరు వేసినాడా?"

"కాంట్రాక్టరేనమ్మా."

"అయితే మీరేం కష్టపడొద్దండప్పా. ఒక వాన రానీండి."

మంగళవారం వాన పడింది. గురువారానికి ఆ ఊరికి అర్హత వచ్చింది.