ముప్పై వెర్స్తుల ఏడుపు

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. పట్నం స్టేషనులో తాను తయారుచేసిన టెలిఫోను పెట్టె దగ్గర అర్దలియోన్ మాస్టారు కూర్చుంటాడు. ముప్పై వెర్స్తుల అవతల, అంటే ఇరవై మైళ్ల దూరంలో, చిన్న స్టేషనులో రెండో పెట్టె ముందు కూర్చుని ఆయన భార్య గ్లఫీరా పద్యం చదువుతుంది. మాట అంతదూరం చేరిందని మాస్టారి పక్కనే కూర్చునే రైల్వే ఇన్‌స్పెక్టరు జోతొవ్ ఒప్పుకుంటే సరి. లేదంటే రైల్వేవారు ప్రయోగానికి ఇచ్చిన తమ తంతితీగ ఈరోజే వెనక్కి తీసుకుంటారు. మాస్టారి మూడేళ్ల శ్రమ మట్టిలో కలుస్తుంది.

"బయలుదేరేముందు కాసేపు కూర్చుందామండీ," అంది గ్లఫీరా పొద్దున్నే.

"రైలు కూస్తుంటే కూర్చోవడమేమిటి, పద."

ప్రయాణానికి ముందు ఇంట్లో అందరూ మాట్లాడకుండా కాసేపు కూర్చోవాలన్నది వాళ్ల ఆచారం. అలా కూర్చోకుండా సైన్యానికి వెళ్లిన గ్లఫీరా తమ్ముడు తిరిగి రాలేదు. దారి పొడుగునా ఆమెకు అదే దిగులు.

చిన్న స్టేషనులో స్టేషను మాస్టరు కూతురు ఉస్తీన్య చదువు కోసం తూలా నగరానికి వెళుతోంది. గ్లఫీరా టెలిఫోను పెట్టె సర్దుకునేసరికి ఆ పిల్ల నాయనమ్మ ఫెదోస్య అందరినీ బల్లల మీద కూర్చోబెడుతోంది.

"నువ్వూ కూర్చో తల్లీ. నోరు మెదపకు."

గ్లఫీరా కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో పెట్టె దోమలా మాట్లాడింది. "గ్లఫీరా, వినిపిస్తోందా? చదువు."

"ఎవరా మగాడు?" అంది ముసలమ్మ.

"మా ఆయనండీ. పట్నంలో ఉన్నారు."

"ఎక్కడుంటేనేం, ఆయన్నీ కూర్చోమను. అంతా చెడగొట్టాడు. మళ్లీ మొదటినుంచీ కూర్చోండి."

కూర్చున్నారు. పెట్టె మళ్లీ అరిచింది. ముసలమ్మ తన శాలువా తీసి దానిమీద కప్పి మూడోసారి కూర్చోబెట్టింది. టిక్కెట్ల కోసం వచ్చిన రైతులు టోపీలు తీసి కూర్చున్నారు. రైలొచ్చిందని చెప్పడానికి వచ్చిన గార్డు కూడా కూర్చున్నాడు.

చివరికి ముసలమ్మ లేచి, మనవరాలికి కప్పడానికి పెట్టె మీది శాలువా తీసింది. తీస్తూనే ఆ పెట్టె మీదికి వంగి, "నా బంగారూ, నన్నొదిలి వెళ్లిపోతున్నావా," అని గొల్లుమంది. అందరూ అందుకున్నారు. తమ్ముణ్ణి తలచుకుని గ్లఫీరా కూడా ఏడ్చింది.

కళ్లు తుడుచుకుని ఆమె పెట్టె దగ్గరికి వెళ్లింది. "ఏవండీ, వినిపిస్తోందా?"

జవాబు లేదు. మళ్లీ పిలిచింది. లేదు. అంతా తన మూలానే పాడైందనుకుని అక్కడే కూలబడింది.

ఇంతలో పట్నం నుంచి తంతి వచ్చింది: రైలు కదలకూడదు, దారి ఖాళీగా ఉంచాలి. గంటకల్లా ఒంటరి ఇంజను రొప్పుతూ వచ్చి ఆగింది. డాక్టరు, ఇన్‌స్పెక్టరు జోతొవ్, టోపీ మరచిపోయిన మాస్టారు దిగారు.

"ప్రమాదంలో ఎంతమందికి దెబ్బలు తగిలాయి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దెబ్బలేమిటి బాబూ? పిల్ల చదువుకి వెళుతుంటే మీరే రైలాపారు," అంది ముసలమ్మ.

"మరి ఆ ఏడుపులు? పట్నంలో నా చెవులారా విన్నాను."

ఆ మాట అన్నాక, తన నోటితోనే ఒప్పుకున్నానని గ్రహించి ఆయన పెట్టె వైపు చూశాడు. మాస్టారికి మాత్రం భార్య తప్ప ఇంకేమీ కనబడలేదు.

"పొద్దున్న కూర్చోవలసింది, గ్లఫీరా," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు విసుగ్గా నుదురు తుడుచుకున్నాడు. "తీగ ఉంచుకోండి మాస్టారూ. ఈసారి మాత్రం మాట్లాడే మనిషిని పంపండి." అని ఇంజను వైపు తిరిగాడు.

"వెళుతున్నారా? అయితే కూర్చోండి," అంది ముసలమ్మ.

అందరికంటే ముందు కూర్చున్నది ఇన్‌స్పెక్టరే.