పీపా దోష నిర్ణయ కమిటీ

బహ్రెయిన్‌లో జల్లాఖ్ తీరాన మేము పనిచేసే హోటల్లో, 1996 డిసెంబరులో, విస్కీల శుద్ధాశుద్ధాలు తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఒకటి ఏర్పడింది. అధ్యక్షుడు ఫరీద్ సాబ్, కొనుగోళ్ళ మేనేజరు, హైదరాబాదువాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి కాబట్టి విస్కీ విషయంలో ఏ పక్షం వహించడని యాజమాన్యం నమ్మింది. రెండో సభ్యుడు జగ్గారావు గారు, అకౌంట్సు, కాకినాడ దగ్గరివారు. హమద్ టౌన్‌లో తెలుగు ఉద్యోగుల మెస్సుకు సెక్రటరీ ఆయనే. ఆచార వ్యవహారాల్లో ఆయన మాటకు తిరుగులేదు. మూడో సభ్యుణ్ణి నేను, గంగాప్రసాద్‌ని. నాకు టైపు వచ్చు.

దీనికంతటికీ కారణం ఒక ఉత్తరం. సముద్రపు నీటిని మంచినీరు చేసే విద్యపై జరిగే సదస్సుకు లండను నుంచి లెవిన్ అనే యూదు ఇంజనీరు వస్తున్నాడు. భోజనం తనే తెచ్చుకుంటాననీ, సాయంత్రం ఒక గ్లాసు విస్కీ మాత్రం ఇప్పించమనీ, అది తమ మతం ఒప్పే కోషర్ విస్కీ అయితే సంతోషమనీ ఎంతో మర్యాదగా రాశాడు. వైన్ తమవాళ్ళ చేతుల మీదుగానే తయారు కావాలట. ఇతరులు చేసిన వైన్ నిలవ ఉంచిన పీపాల్లో ఆ తర్వాత విస్కీని ఏళ్ళ తరబడి పండబెడితే అది కూడా తాను తాగడట. మా స్టోరులో నలభై ఒక్క రకాల విస్కీ ఉంది.

ఆ స్టోరు చూసేది ముత్తన్న. జగిత్యాల వైపు మనిషి. కాగితాల్లో అతను సామాను మోసే లోడరే గానీ, స్టోర్‌కీపర్ మానేసి వెళ్ళాక ఎనిమిది నెలలుగా తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. ఆ నెలాఖరుకు లోడర్ ఉద్యోగాలు రద్దు. స్టోర్‌కీపర్‌గా తీసుకుంటే ఉంటాడు, లేకపోతే విమానం ఎక్కుతాడు. కొడుకు ఐటీఐ చదువు ఇంకో ఏడాది ఉంది. అతిథికి ఏ లోటూ రాకుండా చూస్తే పోస్టు సంగతి ఆలోచిస్తానని జనరల్ మేనేజర్ అతనికి మాటిచ్చాడు. తప్పు సీసా బయటికి వస్తే మాత్రం తెచ్చినవాడిదే బాధ్యత అని కూడా చెప్పాడు. నిర్ణయం కమిటీది, బాధ్యత ముత్తన్నది. పెద్ద సంస్థల్లో పని విభజన ఇలాగే ఉంటుంది.

తొలి సమావేశంలో అసలు ఈ నియమం ఏమిటన్న చర్చ వచ్చింది. ఫరీద్ సాబ్ ఇది హలాల్ లాంటిదే అన్నాడు. అయితే హలాల్ విస్కీ ఎలా ఉంటుందన్న ప్రశ్న తలెత్తడంతో సమావేశం అరగంట వాయిదా పడింది. జగ్గారావు గారికి మాత్రం ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. ఎవరి చెయ్యి తగిలింది, ఏ పాత్రలో పోశారు, అంతకుముందు ఆ పాత్రలో ఏముంది అన్న మూడు ముక్కలు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంత దూరం వచ్చాక సొంతవాళ్ళు కనిపించినట్టుంది అన్నారు. ప్రపంచంలో ఈ నియమాన్ని మనకంటే త్వరగా గ్రహించగల జాతి మరొకటి లేదని నేను మినిట్సులో రాశాను.

రెండో సమావేశంలో పరిశోధన మొదలైంది. ఫరీద్ సాబ్ సీసాలను చేతిరుమాలుతో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. రంగు ముదురుగా ఉన్నవాటిని అనుమానితులుగానూ, లేతగా ఉన్నవాటిని సజ్జనులుగానూ విభజించాడు. తెలుపు నలుపుల దగ్గర మనవాళ్ళ తీర్పు ఎప్పుడూ తొందరగా వస్తుంది. జగ్గారావు గారు దీనికి ఒప్పుకోలేదు. రుచి చూడనిదే గుణం తెలియదన్నారు. పరీక్ష కోసం అంటూ ఒక్కో సీసా నుంచి కొంచెం కొంచెం పుచ్చుకున్నారు. పన్నెండో సీసా దగ్గర అన్నీ పవిత్రమే అన్నారు. పంతొమ్మిదో సీసా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన్ని కారెక్కించి పంపాక, పరీక్ష సంతృప్తికరంగా సాగుతోందని టైపు చేశాను.

సీసాలు అందించడం, మూతలు బిగించడం, తుడిచి సర్దడం ముత్తన్న వంతు. నాలుగు రోజులు ఆ పనే చేశాడు. అయిదో రోజు, అతిథి మర్నాడే దిగుతాడనగా, ఇక ఆగలేక మెల్లగా అన్నాడు.

"సార్, వైన్ పీపల పండవెట్టినయి తొమ్మిదే ఉన్నయి. సీసలచ్చిన డబ్బ మీదనే రాసుంటది. నాకు ఇంగ్లీషు రాదు గని ఆ అక్షరాలు గుర్తువడుతయి. పోయినేడు విస్కీ కంపెనీ సాబు అచ్చినప్పుడు ఒక్కొక్క డబ్బ చూపిచ్చి చెప్పిండు."

ముగ్గురం ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళమే. నలభై ఒక్క డబ్బాలూ నాలుగు రోజులుగా మా కళ్ళెదుటే ఉన్నాయి. వాటి మీద ఏముందో చదవాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. చదివి చూశాం. తొమ్మిదే. మిగతావాటి సంగతి తెలియకపోతే ఏం చేద్దామని ఫరీద్ సాబ్ అడిగితే, వాటిలో వైన్ తగలని పీపా అని రాసి ఉన్న నాలుగింటినే ఇద్దాం, తక్కినవి మనకెందుకు సార్ అన్నాడు ముత్తన్న. సుదీర్ఘ పరిశోధన అనంతరం కమిటీ ఈ నిర్ణయానికి వచ్చిందని నివేదికలో రాశాను.

లెవిన్ వచ్చాడు, నాలుగు సీసాలూ చూశాడు, చాలా సంతోషించాడు. మమ్మల్ని పిలిచి కృతజ్ఞతలు చెప్పాడు. మాటల మధ్య, తన గురువు కఠినుడనీ, తన బావమరిది గురువు అంత పట్టింపు లేనివాడనీ, ఆ రెండో ఆయన లెక్కలో విస్కీలో వైన్ ఆరో వంతు కంటే తక్కువైతే దోషం పోయినట్టేననీ చెప్పాడు. జగ్గారావు గారు ఆ మాట నన్ను రాసుకోమన్నారు.

వారం తిరక్కుండా జనరల్ మేనేజర్ మరో కాగితం పంపాడు. మీ కమిటీ పని బాగుంది, స్టోర్‌కీపర్ పోస్టుకు ముత్తన్న తగునో లేదో కూడా మీరే తేల్చండి అని. నాకు ఇందులో తేల్చడానికేముంది అనిపించింది. జగ్గారావు గారికి చాలా కనిపించింది. స్టోర్‌కీపర్ అంటే విస్కీ ఒకటే కాదు. స్టాఫు మెస్సుకు బియ్యం, పప్పు, నెయ్యి అక్కణ్ణుంచే వస్తాయి. కొలిచి ఇచ్చే చెయ్యి ఎవరిదో చూసుకోవాలి. ఇన్నాళ్ళూ అతనే కదా ఇచ్చాడు అన్నాను. ఇన్నాళ్ళూ అది ఉత్తర్వు మీద కాదు కదండీ అన్నారు. ముత్తన్న తాత ఏం చేసేవాడు, వాళ్ళ ఇళ్ళు ఊళ్ళో ఏ దిక్కున ఉంటాయి, కూలీలుండే క్యాంపులో అతని కంచం విడిగా ఎందుకు ఉంటుంది, ఇవన్నీ ఆయన పీపాల పద్ధతిలోనే వరసగా పరిశీలించారు.

ఫరీద్ సాబ్ కాసేపు విని, "భాయ్, ఆ లండన్ సాబ్ చెప్పిండు గదా, ఆరో వంతు అని. మనుషులకు ఈ దోషం ఎన్నో వంతుల పోతది?" అని అడిగాడు.

"విస్కీలో నీళ్ళు పోసుకోవచ్చు సార్. మనుషులకు ఆ వీలు లేదండి," అన్నారు జగ్గారావు గారు.

ఫరీద్ సాబ్ నా వంక చూశాడు. నేను కాగితం వంక చూశాను. ఇది మీ వాళ్ళ సంగతి, నాకెందుకు అని ఆయన సంతకం చేశాడు. జగ్గారావు గారితో ఒకే మెస్సులో అన్నం తినాలి, నాకెందుకు అని నేనూ చేశాను. తగిన అభ్యర్థి లభ్యం కానందున బయటి నుంచి రప్పించాలని సిఫారసు. జగ్గారావు గారి మేనల్లుడికి వీసా ఇరవై రోజుల్లో వచ్చింది.

ముత్తన్న తాళాలు నా చేతికే ఇచ్చి వెళ్ళాడు. కోపంగా ఏమీ లేడు.

"సీసల గురించి మస్తు ఇచారణ చేసిన్రు సార్. పని అస్తదా అని నన్నొక్కసారి అడగకపోయిన్రు," అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఏ నివేదికలోనూ లేదు కాబట్టి ఇక్కడ నమోదు చేస్తున్నాను. నేను సంతకం పెట్టకపోతే ఏమయ్యేదో తెలియదు, పెట్టాను కాబట్టి ఏమైందో తెలుసు. ముత్తన్న కొడుకు ఐటీఐ ఆగిపోయిందని తర్వాత విన్నాను.

చివరగా ఒక విజ్ఞప్తి. ముత్తన్న కులం ఏమిటో ఈ కథలో నేనెక్కడా రాయలేదు. అయినా మీరు ఎక్కడో ఒకచోట ఆగి, ఇంతకీ వీళ్ళు ఏమిట్లై ఉంటారు అని లెక్క వేసే ఉంటారు. ఆ లెక్క వచ్చినవారు చాలు, వేరే అర్హతలు అక్కర్లేదు. కమిటీలో నా స్థానం ఖాళీగా ఉంది.