అందరికీ తొంభై నాలుగు

ఇకనుంచి విద్యార్థి కాలేజీకి రానక్కర్లేదనీ, కాలేజీయే విద్యార్థి జేబులోకి వస్తుందనీ డిజిటల్ విద్యా మంత్రి కాటమరాజు గారు సోమవారం ప్రకటించారు. పథకం పేరు ‘అరచేతిలో కాలేజీ’. బుధవారానికల్లా గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఉన్న ఆ డిగ్రీ కాలేజీలో తరగతులు రద్దయ్యాయి. శుక్రవారానికి కాలేజీ బస్సు కూడా రద్దయింది. ఇంత చురుకుగా అమలైన పథకం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

అరచేతులు అందరికీ ఉన్నాయి. సిగ్నల్ మాత్రం లేదు. కొండ అడ్డం.

ఎకనామిక్స్ గెస్ట్ లెక్చరర్ నాగజ్యోతిని ప్రిన్సిపాల్ వెంకటసుబ్బయ్య గారు పిలిపించారు.

“నలభై పాఠాలు వీడియో తియ్యాలమ్మా. హాజరు డెబ్బై అయిదు శాతం కన్నా తగ్గిందంటే నీ కాంట్రాక్టు రెన్యువల్ కాదు. పైనుంచి ఆర్డరు.”

“సిగ్నలే లేదు గదా సార్, పిల్లోళ్లు ఎట్ల చూస్తారు?”

“అట్లాంటి ఇబ్బందులుంటే యాప్‌లోనే కంప్లయింటు పెట్టమన్నారు.”

“యాప్ ఎట్ల తెరుచుకుంటాది సార్?”

“సిగ్నల్ ఉంటే తెరుచుకుంటాదంట.”

తొమ్మిదేళ్లుగా రెన్యువల్ మీదే బతుకుతున్న నాగజ్యోతి ఫోను పట్టుకుని ఖాళీ క్లాసురూములోకి వెళ్లి తలుపేసుకుంది. శబ్దం పడుతుందని ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ నలభై పాఠాలూ రికార్డు చేసింది. ఎదురుగా పిల్లలు లేకపోయినా, ఉన్నట్టే మధ్యమధ్యలో నవ్వింది, కసిరింది, “అర్థమయిందా?” అని ఆగింది.

మొదటి వారం హాజరు సున్నా. ఆ వారమంతా ఆమెకు అన్నం సహించలేదు.

రెండో వారం హాజరు నూటికి నూరు. అరవై రెండు మందీ పాఠం మొదలైన క్షణం నుంచి చివరి క్షణం దాకా కదల్లేదు. ఒక్కడు కూడా మంచినీళ్లకు లేవలేదు. ఆనందం కన్నా అనుమానం ఎక్కువైపోయింది నాగజ్యోతికి. బయటికొచ్చి చూస్తే, ఫైనలియర్ పవన్ కందికాయ లోడుతో ట్రాక్టరు తోలుకుంటూ ఎదురయ్యాడు.

“ఏం పవన్, రోజూ ఈ టయానికి నా పాఠం వింటా ఉన్నావంట? పైనుంచి లిస్టు వచ్చింది.”

“వింటా ఉన్నా మేడం.”

“ఫోనేది?”

“రోశమ్మవ్వ దగ్గర.”

రోశమ్మ రైల్వే గేటు దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుంది. ఆ దరిదాపుల్లో సిగ్నల్ దొరికేది ఆమె పొయ్యి దగ్గరే. నాగజ్యోతి వెళ్లేసరికి బల్ల మీద మార్కాపురం పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పలకకో ఫోను ఆనించి ఉంది. పలక మీద సుద్దతో పేరు. అరవై రెండు తెరల మీదా నాగజ్యోతే పాఠం చెబుతోంది. ఒక్క ఫోనుకే గొంతుంది.

“రా మేడమ్మా,” అంది రోశమ్మ, చెయ్యి తుడుచుకుంటూ. “పావుగంటకోసారి ‘ఉన్నారా’ అని అడుగుతాది. ‘ఉన్నాను’ అని నొక్కాల. ఆలస్యమైతే ఒప్పుకోదు, మా అత్త మాదిరి.”

“మరి పరీక్ష ప్రశ్నలు?”

“ప్రశ్న అదే చదువుతాది. నీ పాఠం విన్నాక చెప్పలేమా ఏంది? ఒక దాంట్లో నొక్కిందే అన్నిట్లో నొక్కేస్తా. కాకుంటే ప్యాసింజరు పోయేటప్పుడు ఏం వినపడి చావదు.”

నాగజ్యోతి ఎవరికీ చెప్పలేదు. చెబితే హాజరు సున్నా, తనూ సున్నా.

ఫలితాలు వచ్చాయి. అరవై రెండు మందికీ తొంభై నాలుగు. అందరివీ అవే మూడు ప్రశ్నలు తప్పు, ప్యాసింజరు పోయినప్పుడు వచ్చినవి. రాజధానిలో అధికారులు ఆ పట్టిక చూసి చలించిపోయారు. విద్యలో సంపూర్ణ సమానత్వం సాధించిన తొలి కాలేజీ ఇదేనని నోట్ రాశారు. అభినందించడానికి మంత్రిగారే స్వయంగా బయలుదేరారు.

షామియానా వేశారు. టీ, బజ్జీలు రోశమ్మకు అప్పజెప్పారు. మంత్రిగారు మైకు అందుకోగానే చప్పట్లు మారుమోగాయి.

“అరవై రెండు మందికీ ఫస్టు ర్యాంకు!” అన్నారాయన. జేబులోంచి చీటీ తీసి పవన్‌ను లేపారు. “బాబూ, ఉపాంత ప్రయోజనం ఎందుకు క్షీణిస్తుంది?”

పవన్ తల టీ డ్రమ్ము వైపు తిరిగింది. వెనకే అరవై ఒక్క తలలూ తిరిగాయి.

రోశమ్మ గ్లాసు కింద పెట్టింది. “అయ్యా, ఆకలి మీద తిన్న మొదటి బజ్జీ అమృతం. రెండోది బాగుంటాది. ఐదోది బలవంతం. బజ్జీ మారలా, మీ కడుపు నిండింది. దాన్నే క్షీణోపాంత ప్రయోజన సూత్రం అంటారు. పుస్తకంలో ఆపిల్ అని ఉంటాది. ఈడ ఆపిల్ తినేదెవురు?”

మంత్రిగారు ముచ్చటపడ్డారు. “ఇంకో ఉదాహరణ చెప్పమ్మా.”

“మీరు మైకు పట్టుకోంగానే చప్పట్లు గట్టిగా కొట్టినారు గదయ్యా. ఇప్పుడు కొట్టమనండి.”

ఎవరూ కొట్టలేదు.

“నీకెవరు నేర్పారు?”

రోశమ్మ గర్వంగా వేలు చూపించింది. “ఇదిగో, ఈ నాగజ్యోతి మేడమ్మే. ఫోన్లో.”

నాగజ్యోతి కళ్లు చెమర్చాయి. ఈ ఏడాదికి గండం గడిచింది.

“ఫోన్లో!” మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. “విన్నారా? ఫోన్లో! గురువు ముఖం ఎదురుగా చూడకుండానే బజ్జీలమ్మ ఎకనామిస్టు అయిపోయింది. ఇక గురువు దేనికి?”

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. రోశమ్మ ‘డిజిటల్ మెంటర్’. గెస్ట్ లెక్చరర్ పోస్టు రద్దు.

“హాజరు వంద శాతం వచ్చింది గదా సార్,” అంది నాగజ్యోతి.

“అదేనమ్మా పొరపాటు,” అన్నారు ప్రిన్సిపాల్ బాధగా. “డెబ్బై అయిదు కన్నా తగ్గితే నువ్వు పనికిరావు. వంద వస్తే నువ్వు అక్కర్లేదు. ఏ ఎనభై దగ్గరో ఆగి ఉండాల్సింది.”

సోమవారం రోశమ్మ మెడలో ఐడీ కార్డు వేసుకుని కాలేజీకి వెళ్లింది. గంటలోనే తిరిగొచ్చింది. తన బదులు పొయ్యి దగ్గర కూచోమని రోశమ్మ బతిమాలితే ఒప్పుకున్న నాగజ్యోతి, శనగపిండి కలుపుతోంది.

“మేడమ్మా, మెంటరు కూడా పావుగంటకోసారి ‘ఉన్నాను’ అని నొక్కాలంట. ఆడ సిగ్నల్ ఏడుంది? నా ఫోనూ ఈడే పెట్టుకో.”

అరవై మూడో పలక నిలబడింది. రోశమ్మ మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయింది.

కాసేపటికి సైరను కారు గేటు దగ్గర ఆగింది. మంత్రిగారి పీఏ పెద్దన్న దిగి, అటూ ఇటూ చూసి, జేబు రుమాల్లోంచి ఖరీదైన ఫోను తీశాడు.

“సారు డిగ్రీ మధ్యలో ఆపేసినారు లేమ్మా. జనానికి ఆదర్శంగా ఉంటాదని మొన్న ఈ కోర్సులోనే చేరినారు.”

నాగజ్యోతి చెయ్యి తుడుచుకుని కొత్త పలక తీసింది. సుద్దతో ‘కాటమరాజు’ అని గుండ్రంగా రాసింది.

“సారుకు ఎన్ని మార్కులు రావాల?”

పెద్దన్న వేడి బజ్జీ ఊదుకుంటూ ఒక్క క్షణం ఆలోచించాడు.

“తొంభై నాలుగు చాలమ్మా. సారుకు సమానత్వం అంటే ప్రాణం.”