ఆగకూడని బండి, రాని బస్సు

ఆపితే మళ్ళీ కదలని మోటార్ సైకిల్‌ని మించిన వరం మగవాడికి లేదు!

నవ్వకండి. అనుమానముంటే వరప్రసాదాన్ని అడగండి. రాజోలులో గుమాస్తా. 1983లో ఒక ఆదివారం నరసాపురం వెళ్ళి ఆ వరాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు.

అది మామూలు బండా? ఏనాటిదో ఇంగ్లీషు బండి. దుబాయ్ నుంచి వచ్చిన ఒకాయన సరదాపడి ముందు చక్రాన్ని రెండడుగులు ముందుకి సాగదీయించాడు. హ్యాండిలేమో గేదె కొమ్ములు. సీటేమో పడక్కుర్చీ, అదీ ఒక్కడికే! ట్యాంకు మీద రెక్కలు చాచిన గద్ద. ఎక్కితే కాళ్ళు ముందుకి, నడుం వెనక్కి, ప్రాణం మధ్యలో.

అమ్మినాయన ఏటిగట్టు మీంచి కిందికి దొర్లిస్తూ నడిపి చూపించాడు. భూమి అదిరేంత మోత! వరప్రసాదం ఇంకేమీ అడగలేదు.

పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో కిక్కు కొట్టాడు. పదిసార్లు. ఇరవైసార్లు. బండి దగ్గనైనా దగ్గలేదు.

"గట్టెక్కించి దొర్లించాలండి," అన్నాడు పంటు నడిపే కొండబాబు. "చదునులో ఎంత తోసినా లేవదండి. అవతలి ఒడ్డున రోజూ చూస్తున్నాం కదండీ."

"ఆ ముక్క కొనకముందు చెప్పొచ్చు కదయ్యా!"

"తమరేమో తెగ మురిసిపోతున్నారాయె. మధ్యలో చెబితే మర్యాదేనాండి?"

కోనసీమంతా అరచేయంత చదును. ఉన్న ఎత్తల్లా ఏటిగట్టే. కాబట్టి గట్టెక్కించి, దొర్లించి లేపాక ఇక ఇల్లు చేరేదాకా ఆగకూడదు. ఎంత క్రమశిక్షణో చూడండి! కిళ్ళీకొట్టు లేదు, కాఫీ హోటల్ లేదు, రోడ్డు మీద పిచ్చాపాటీ లేదు. ఏ గురువు నేర్పగలడు?

పైగా ఆ సాయంత్రమే సంబంధం ఖాయం చేసుకోవడానికి సీమోను మాస్టారు రాజోలు రావాలి. రిటైరైన హెడ్మాస్టరు. వాళ్ళమ్మాయి సువార్త చర్చిలో పాడగా విన్న దగ్గర్నుంచి వరప్రసాదానికి అన్నం సయించడం లేదు. మాస్టారికి మర్యాదే ప్రాణం. తనను చూసి సైకిల్ దిగలేదని అప్పటికే ఒక పెళ్ళికొడుకుని వద్దన్నారు!

రాజోలు మూడు మైళ్ళుందనగా రోడ్డు పక్కన గొడుగేసుకుని నిలబడ్డది ఎవరు? ఆయనే! చెయ్యెత్తారు.

ఆపితే బండి పోతుంది. ఆపకపోతే సువార్త పోతుంది.

"నమస్కారమండీ! ఇప్పుడే వస్తానండీ!" అని దూసుకుపోయాడు. ముందుకెళ్ళి తిప్పుకొచ్చాడు. "వచ్చేస్తున్నానండీ!" అని మళ్ళీ దాటిపోయాడు. మూడోసారికి మాస్టారు గొడుగు ముడిచారు.

వరప్రసాదం ఆపేశాడు. బండి ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది.

"బైబిల్లో యెరికో గోడ చుట్టూ తిరిగినట్టు నా చుట్టూ తిరుగుతావేంటయ్యా?"

"ఆపితే మళ్ళీ లేవదండి. అలాగని మిమ్మల్ని చూసి దిగకపోతే ఎలాగండి?"

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశారు. ఇస్త్రీ పంచె పైకి దోపుకుని, గొడుగు చంకలో పెట్టుకుని వెనకనుంచి తోయడం మొదలుపెట్టారు.

మూడు మైళ్ళు! అల్లుణ్ణి పరీక్షించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఉందా? బండి తోసేవాడు అబద్ధమాడలేడు, ఊపిరి చాలదు! తాగుతావా అంటే లేదండి అన్నాడు. కోపమొస్తుందా అంటే ఈ బండి మీద వస్తోందండి అన్నాడు.

"ఇంతకీ మీరక్కడ ఎంతసేపట్నుంచి ఉన్నారండి?"

"పన్నెండింటి బస్సు కోసమయ్యా. నడిచిపోదామంటే, ఆ వెనకే వచ్చేస్తుందేమోనని ఆశ."

సాయంత్రం అయిదున్నరకి ఇద్దరూ చెమటలు కక్కుతూ రాజోలు చేరారు. దారిలో వాళ్ళను దాటిపోయిన బస్సు ఒక్కటి కూడా లేదు.

"రేపే దీన్ని అమ్మేస్తానండి," అన్నాడు వరప్రసాదం, తల దించుకుని.

"అమ్మావంటే పిల్లనివ్వను! పెళ్ళయ్యాక మా అమ్మాయి ఊళ్ళు తిరగాలా, వద్దా? బస్సుని నమ్ముకోమంటావా?"

"సీటు ఒక్కటే కదండీ మాస్టారూ!"

"తోసేవాళ్ళకి సీటెందుకయ్యా?"